జాగా మార్చండి సారూ!

"సారూ... నా పేరు కొట్టేయండి!"

మైకులో పేర్లు చదువుతున్న అధికారి ఆగిపోయారు. షామియానా కింద కూర్చున్న జనమంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. జాబితాలో పేరు లేదని అరిచేవాళ్లని పొద్దున్నుంచీ చూస్తూనే ఉన్నాం. పేరు వచ్చాక వద్దనే మనిషిని చూడటం మాత్రం అదే మొదటిసారి.

"ఏమ్మా... ఇల్లొద్దా నీకు?" అనడిగారాయన.

"ఇల్లెవరికి చేదు సారూ! ఇల్లు కావాల. జాగా మార్చండి. మార్చలేకపోతే నా పేరు కొట్టేసి ఇంకెవరికన్నా ఇచ్చుకోండి" అనేసి, కొంగు నడుముకు దోపుకుని మళ్లీ కింద కూర్చుంది పెద్దమ్మ.

అది 2025 జనవరి నాలుగో వారం. తెలంగాణ అంతటా 21 నుంచి 24 వరకూ గ్రామసభలు పెట్టారు గుర్తుందా! రేషన్‌ కార్డులు, రైతు భరోసా, ఆత్మీయ భరోసా, ఇందిరమ్మ ఇళ్లు... నాలుగింటికీ అర్హుల పేర్లు ఊరందరి ముందూ చదివిన సభలవి. సంక్రాంతికి ఇంటికొచ్చిన నేను ఆ సభ చూసి ఓ కథనం రాద్దామని మరో వారం ఉండిపోయాను. మాది ఖమ్మం జిల్లా వేంసూరు మండలంలో ఓ పల్లె. ఇటు సత్తుపల్లి, అటు తిరువూరు. మామిడి తోటలు, పామాయిల్‌ తోటలు దాటుకుంటూ దమ్మపేట, అశ్వారావుపేటల మీదుగా పోతే భద్రాచలం అడవులు. ఊరి పేరు మాత్రం రాయడం లేదు. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

ఇంతకీ పెద్దమ్మ ఎవరో చెప్పలేదు కదూ! వాళ్లాయన మా ఇంట్లో పాలేరు. ఆమె మా పశువుల కొట్టం ఊడ్చేది, పేడ ఎత్తేది, పత్తి తీతకీ మిరప కోతకీ వచ్చేది. మా అమ్మకన్నా పదేళ్లు పెద్దది. అయినా చిన్నప్పుడు ఆమెని పేరుపెట్టే పిలిచేదాన్ని. ఇంట్లో ఎవరూ తప్పనలేదు. జర్నలిజం డిప్లొమా చదవడానికి హైదరాబాద్‌ వెళ్లాక, హాస్టల్లో ఓ స్నేహితురాలు "మీ ఇంట్లో పనిచేసే పెద్దావిడని ఏమని పిలుస్తావ్‌?" అని మామూలుగానే అడిగింది. జవాబు చెప్పడానికి సిగ్గేసింది. ఆ ఏడాది పండక్కి వచ్చినప్పుడు "పెద్దమ్మా!" అని పిలిచాను. నేను ఎవరిని పిలుస్తున్నానా అని ఆమె వెనక్కి తిరిగి చూసింది.

అలాంటి మనిషి మైకు ముందు లేచి నిలబడి "నా పేరు కొట్టేయండి" అంటుందని నేనే కాదు, మా ఊళ్లో ఎవరూ అనుకోలేదు.

కాగితంలో ఉన్న జాగా

ఆ రోజు చదివిన జాబితాలు మూడు. సొంత జాగా ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్‌-1. జాగా, ఇల్లు రెండూ లేనివాళ్లు ఎల్‌-2. మిగతావాళ్లు ఎల్‌-3. ముందు ఎల్‌-1 వాళ్లకే ఇళ్లు. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలుపెట్టిన ఈ పథకంలో సొంత జాగాలో కట్టుకునేవాళ్లకి 5 లక్షల రూపాయలు ఇస్తారు. పునాది లేస్తే లక్ష, గోడలు లేస్తే లక్షా పాతికవేలు, స్లాబు పడితే లక్షా డెబ్బై అయిదువేలు, ఇల్లు పూర్తయ్యాక మిగిలిన లక్ష. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు. లెక్క అంతా పక్కాగానే ఉంది.

పెద్దమ్మ పేరు ఎల్‌-1లో ఉంది. అంటే ఆమెకి సొంత జాగా ఉన్నట్టు. నిజంగానే ఉంది... కాగితంలో! తొంభైల చివర్లో ఊరికి రెండు కిలోమీటర్ల అవతల గుట్ట కింద వాళ్లాయన పేరు మీద ఓ ఇంటి పట్టా ఇచ్చారు. ఆయన పోయి పదేళ్లు దాటింది. పట్టా మాత్రం ఆమె రేకు పెట్టెలో, పెళ్లినాటి చీర మడతలో భద్రంగా ఉంది. ఆమె ఉండేది మా దొడ్డి గోడకి ఆనించి వేసుకున్న తాటాకు పాకలో. ఆ జాగా మాది. నాన్న దయ... అని ఊరంతా అనుకుంటుంది. మేమూ అలాగే అనుకునేవాళ్లం.

"మరి ఏ జాగా కావాలమ్మా నీకు?" అన్నారు అధికారి. అప్పటికి సర్పంచుల పదవీకాలం అయిపోయి ఏడాది కావొస్తోంది. ఎన్నికలు జరగలేదు. ఊరికి ఆ ప్రత్యేకాధికారే పెద్దదిక్కు. ఓపికమంతుడు పాపం.

పెద్దమ్మ మాట్లాడేలోపే వెనకనుంచి ఓ కుర్రాడు లేచాడు. "ఊరి నడుమ బందెలదొడ్డి ఉంది కదా సార్‌! ముప్పావు ఎకరం. అక్కడ ప్లాట్లు చేయండి. ఎల్‌-2లో ఉన్న మాకందరికీ సరిపోద్ది."

ఈ తరం పిల్లలకి బందెలదొడ్డి అంటే తెలియకపోవచ్చు. పరాయి చేలో పడి మేసిన పశువుల్ని తోలుకొచ్చి కట్టేసే చోటు. జరిమానా కట్టి విడిపించుకోవాలి. ట్రాక్టర్లొచ్చాక పశువులు తగ్గాయి. బందెలదొడ్డికి పని లేకుండా పోయింది. పంచాయతీ జాగా కాబట్టి ఎవరిదీ కాదు. ఎవరిదీ కాదు కాబట్టి... కొందరిదయింది!

నాన్న లేచాడు

సభలో గోల మొదలైంది. అప్పుడు ముందు వరసలోంచి ఒకాయన లేచి నిలబడ్డాడు. ఆయన మాట్లాడితే ఊరు వింటుంది. ఆయన మా నాన్న.

"ఊరన్నాక పిల్లలాడుకోడానికి కాస్త జాగా ఉండాలా వద్దా? పెళ్లికి పందిరెయ్యాలన్నా, బతుకమ్మ ఆడుకోవాలన్నా ఊరి మధ్య ఉన్నది అదొక్కటే. అది ఊరందరి సొత్తు. గుట్ట దగ్గర ఇంకా రెండెకరాల సర్కారు భూమి ఉంది. అక్కడైతే తలా నూట ఇరవై గజాలొస్తాయి. ఇక్కడ ఇరుకిరుగ్గా ఎందుకు?" అన్నాడు.

చప్పట్లు కొట్టారు. నిజం చెప్పొద్దూ... నాకూ సబబుగానే తోచింది. రిటైరైన మాస్టారొకాయన లేచి, ఊరి ఉమ్మడి భూముల్ని కాపాడాలని 2011లో సుప్రీంకోర్టే చెప్పిందని గుర్తుచేశారు. అదీ రాసుకున్నాను.

కుర్రాడు ఊరుకోలేదు. "పిల్లలెక్కడాడుతున్నారు మామా? అక్కడున్నవి నాలుగు గడ్డివాములు, రెండు ట్రాలీలు, పెంటకుప్పలు. వాటి మధ్య కబడ్డీ ఆడమంటారా?" అన్నాడు. జనం ఘొల్లుమన్నారు.

నా కలం ఆగిపోయింది. నాలుగు వాముల్లో పెద్దది మాది. రెండు ట్రాలీల్లో ఒకటి మాది.

ఎవరో ఆడమనిషి నా వైపు చూసి, "అమ్మాయ్‌, నువ్వు పేపర్లో రాస్తావు కదా... నువ్వు చెప్పు, ఎవరిది న్యాయం?" అంది. అందరూ నన్నే చూస్తున్నారు. నాన్న చూడటం లేదు. "నేను వార్త రాయడానికి వచ్చానండీ, తీర్పు చెప్పడానికి కాదు" అన్నాను. తెలివైన జవాబనుకున్నాను అప్పుడు.

చివరికి అధికారి రెండు ప్రతిపాదనలూ రాసుకున్నారు. తహసీల్దారుకి పంపుతామన్నారు. ఇళ్ల జాబితా మీద మూడు గంటలు సాగిన సభ, ఆ ఇళ్లు ఏ నేల మీద లేవాలన్న సంగతి పావుగంటలో తేల్చకుండానే ముగిసింది.

పదకొండు నెలల కాపురం

ఆ సాయంత్రం స్కూటీ మీద పెద్దమ్మని ఎక్కించుకుని గుట్ట దగ్గరికి వెళ్లాను. సగం దూరం దాకా సిమెంటు రోడ్డుంది. తర్వాత బండి బాట. హద్దురాళ్లు కొన్ని కనిపిస్తున్నాయి, కొన్ని తుమ్మచెట్ల కింద మునిగిపోయాయి. ఒకచోట మోకాలెత్తు పునాది ఉంది. దాని నడుమ సీతాఫలం చెట్టు మొలిచి కాయలు కాసి ఎండిపోయింది.

"ఇదేనమ్మా నా ఇల్లు" అంది నవ్వుతూ.

పట్టా ఇచ్చిన కొత్తలో గుడిసె వేసుకుని పదకొండు నెలలు ఉన్నారట అక్కడ. నీళ్లకి మైలు దూరంలోని మోటబావి. కరెంటు స్తంభం పాతారు, తీగ రాలేదు. పొద్దున అయిదింటికల్లా మా కొట్టంలో ఉండాలంటే నాలుగింటికే చీకట్లో బయల్దేరాలి. పిల్లల్ని బడికి పంపితే సాయంత్రం దారిలో ఎదురెళ్లి తెచ్చుకోవాలి. అడవిపందుల భయం. వానాకాలంలో చిన్నదానికి జ్వరమొస్తే రాత్రి బురదలో చంకనేసుకుని ఊళ్లోకొచ్చి ఆర్‌ఎంపీ తలుపు కొట్టింది. పిల్ల బతికింది. మర్నాడే మూటా ముల్లే సర్దుకుని వచ్చేశారు.

"మేడ కట్టిచ్చినా రాను బుజ్జమ్మా. రాత్రిపూట కడుపులో నొప్పొస్తే, కేకేస్తే పలికే మనిషుండాల. అది ఇల్లు" అంది.

వాళ్లు తిరిగొచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. నాకు తొమ్మిదేళ్లు. ఆ పిల్ల నా ఈడుది, నా ఆటల జోడీ. వాళ్లు ఎడ్లబండి దిగుతుంటే చప్పట్లు కొడుతూ ఎగిరాను. అమ్మ కూడా "హమ్మయ్య" అంది. కొట్టం ఊడ్చే మనిషి వచ్చేసిందిగా మరి! నాన్న దొడ్డి గోడ పక్కన పాక వేసుకోమన్నాడు. అది దయో అవసరమో ఇన్నేళ్లలో మేమెవరం విడదీసి చూసుకోలేదు.

మా వేంసూరు ఒకప్పుడు అసెంబ్లీ నియోజకవర్గం. ఇక్కడి నుంచి గెలిచిన జలగం వెంగళరావు 1973 డిసెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన హయాంలోనే, 1975లో కేంద్రం ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమంలో భూమిలేని కూలీలకు ఇళ్ల స్థలాలివ్వడం ఒక సూత్రం. 1983 తర్వాత పక్కా ఇళ్లు వచ్చాయి. 2006లో ఇందిరమ్మ పేరుతో మళ్లీ వచ్చాయి. 2015లో డబుల్‌ బెడ్‌రూం అన్నారు. ఇదే జిల్లా ముదిగొండలో 2007 జులై 28న భూమి, ఇళ్ల స్థలాల కోసం జరిగిన ఆందోళనలో పోలీసు కాల్పులకు ప్రాణాలే పోయాయి. ఇంటి జాగా అంటే ఇక్కడ చిన్న మాట కాదు. ఇన్ని పథకాల్లోనూ ఎంతమందికి, ఎన్ని గజాలు, ఎన్ని వేలు అనేది మారుతూ వచ్చింది. 'ఎక్కడ' అన్న ప్రశ్నకు మాత్రం మా ఊళ్లో ఎప్పుడూ ఒకటే జవాబు... గుట్ట కింద!

నేను రాయని వాక్యం

మర్నాడు ఆఫీసుకి వార్త పంపాను. 'ఇళ్ల స్థలంపై గ్రామసభలో వాగ్వాదం. ఉమ్మడి స్థలంలో ఇళ్లు వద్దన్న కొందరు గ్రామస్థులు' అని రాశాను. అచ్చయింది. తప్పు ఒక్కటీ లేదు. కానీ ఒక వాక్యం లేదు. ఆ 'కొందరు గ్రామస్థుల'కి అక్కడ గడ్డివాములున్నాయన్న వాక్యం.

మా జిల్లా ఊసు వదిలి ఓసారి హైదరాబాద్‌ రండి. నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో, 2015 నవంబరులో సికింద్రాబాద్‌ బోయిగూడ ఐడీహెచ్‌ కాలనీలో 396 ఇళ్లు ప్రారంభించారు. పాతబడ్డ ఇళ్లు తీసేసి అదే జాగాలో, అదే మనుషులకి కట్టినవి. చూడ్డానికి వెళ్లాను. వాళ్ల కూలిపని, పిల్లల బడి, కూరగాయల బండి ఏదీ మారలేదు. మారింది ఇల్లొక్కటే. 2023 జూన్‌లో నగరం అంచున కొల్లూరులో ఒకేచోట 15,660 ఇళ్లు ప్రారంభించారు. అక్కడికీ వెళ్లాను. అయిదారిళ్లలో పనిచేసుకునే ఒకావిడ తాళం చెవి చేతిలో పట్టుకుని, "ఇల్లు బంగారంలా ఉందమ్మా. నా పని మాత్రం అమీర్‌పేటలో ఉంది" అంది. ఆవిడ మాటని పెద్ద అక్షరాల్లో పెట్టి కథనం రాశాను. బాగా వచ్చిందని మెచ్చుకున్నారు కూడా.

ఊరవతల ఇల్లిస్తే ఎలా బతుకుతారని అక్కడ గట్టిగా అడిగినదాన్ని, మా ఊళ్లో అదే మాట అడగాల్సి వచ్చేసరికి 'తీర్పు చెప్పడానికి రాలేదు' అన్నాను. ఎందుకంటే కొల్లూరులో మాకు గడ్డివాము లేదు.

తర్వాత ఓ రాత్రి మాస్టారు చెప్పిన ఆ సుప్రీంకోర్టు తీర్పు తీసి చదివాను. పంజాబ్‌లోని ఓ ఊరి చెరువుని కొందరు ఆక్రమించుకున్న కేసది. 2011 జనవరి 28న ఇచ్చారు. ఊరి ఉమ్మడి భూముల్ని ఆక్రమించుకున్నవాళ్లని ఖాళీ చేయించి, ఆ భూముల్ని ఊరికి తిరిగి అప్పగించాలన్నారు. మినహాయింపులు అరుదుగానే ఉండాలంటూ, భూమిలేని కూలీలకో ఎస్సీ, ఎస్టీలకో ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం లీజుకిచ్చిన సందర్భాలను ఉదాహరణగా చెప్పారు. అంటే, ఆ తీర్పు ప్రకారం బందెలదొడ్డిలోంచి ముందు కదలాల్సింది పేదోళ్ల దరఖాస్తులు కాదు... మా గడ్డివాము!

అలాగని పిల్లలకు ఆటస్థలం వద్దా? కావాలి. నాన్న చెప్పినదాంట్లో ఆ ముక్క అబద్ధం కాదు. ఓ కాగితం మీద లెక్కేశాను. ముప్పావు ఎకరమంటే 3,630 గజాలు. దారులకీ మురుగుకాలవలకీ మూడో వంతు తీసేద్దాం. ఆరొందల గజాలు ఆటకీ బతుకమ్మకీ వదిలేద్దాం. మిగిలిన దాంట్లో తలా 80 గజాల చొప్పున 22 జాగాలొస్తాయి. 400 చదరపు అడుగులంటే 44 గజాలే కదా, ఇల్లు పోను వాకిలి కూడా మిగులుతుంది. మా ఊళ్లో జాగా లేనివాళ్లు అంతకు మించి లేరు. గ్రామసభలో ఈ లెక్క వేయడానికి పావుగంట చాలు. ఎవరూ వేయలేదు. నేనూ వేయలేదు. ఊళ్లో గ్రామసభ అయినా, పట్నంలో మున్సిపల్‌ కౌన్సిల్‌ అయినా నేను చూసినంతలో జరిగేది ఇదే. పేర్ల దగ్గర గొంతులు లేస్తాయి. పటం దగ్గరికొచ్చేసరికి అందరికీ టీ గుర్తొస్తుంది.

ఆ లెక్క కాగితం నాన్నకి చూపించాలంటే ధైర్యం చాలలేదు. ఉగాదికి వెళ్లినప్పుడు అన్నం తిన్నాక, మంచం మీద పడుకున్న ఆయన పక్కన పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"వాము ఎక్కడెయ్యాలి?" అన్నాడు.

కోప్పడతాడనుకున్నాను. ఊరి గురించి, పరువు గురించి మాట్లాడతాడనుకున్నాను. ఆయన అడిగింది అదొక్కటే. నిజానికి సభలో ఆయన అడగాల్సింది కూడా అదే. నలభై ఏళ్లుగా వాము వేసుకుంటున్న రైతు, ఇప్పుడెక్కడ వేసుకోవాలని అడగడంలో తప్పేముంది? ఆ మాట నలుగురిలో అనలేక దానికి పిల్లల ఆటస్థలం అని పేరు పెట్టాడు.

"పెద్దమ్మ ఇల్లు కట్టుకుని వెళ్లిపోతే కొట్టం ఎవరు చూస్తారని కూడానా నాన్నా?" అన్నాను.

ఆయన మాట్లాడలేదు. కాగితం మడిచి దిండు కింద పెట్టుకున్నాడు. మేం మళ్లీ దాని గురించి మాట్లాడుకోలేదు.

వాము తీసిన చోట

2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. మా ఊరికి కొత్త పాలకవర్గం వచ్చింది. బందెలదొడ్డి సంగతి మళ్లీ చర్చకు పెడతామంటున్నారు. ఎప్పుడో తెలీదు. గుట్ట కిందే బాగుంటుందనేవాళ్లు ఇంకా ఉన్నారు. పెద్దమ్మ ఇల్లు ఇంకా కాగితం మీదే ఉంది. జాగా మారితేనే ముగ్గు పోస్తానని ఆమె పట్టు వీడలేదు. అయిదు లక్షలు వచ్చే చోట ఓ ముసలావిడ అంత పట్టుగా ఎలా ఉందా అని ఊళ్లో కొందరు ఇప్పటికీ నవ్వుతారు. పదకొండు నెలలు అక్కడ ఉండి చూసింది ఆమె ఒక్కతే.

ఈ వ్యాసం రాస్తానని నాన్నకి ముందే చెప్పాను. ఊరి పేరు పెట్టనన్నాను. "పెట్టకపోతే మాత్రం తెలీదా!" అన్నాడు. వద్దని మాత్రం అనలేదు.

మొన్న వరి కోతలయ్యాక పెద్దమ్మకి ఫోన్‌ చేశాను. ఆరోగ్యం, మోకాళ్ల నొప్పులు, మనవరాలి చదువు అన్నీ అయ్యాక అసలు మాట చెప్పింది.

"అయ్య ఈసారి వాము చేలోనే వేయించాడు బుజ్జమ్మా. పాత వాము తీసేశారు. అక్కడ నేలకి ఎన్నేళ్లకి ఎండ తగిలిందో... తెల్లగా ఉంది."

"మిగతా మూడు వాములో?" అన్నాను.

"అవి ఉన్నయిలే" అని కాసేపాగి, గొంతు తగ్గించి అంది.

"పొద్దున ఎవరూ లేనప్పుడెళ్లి, వాము తీసిన చోట అడుగులేసి కొలిచిన. నా ఇల్లు సరిపోద్ది."